బొమ్మ మూలనున్న పేరు

పత్రికలలో కథలకు బొమ్మలు వేయువారిని గూర్చి మన విమర్శకులు వ్రాసినది మిక్కిలి స్వల్పము. కవులను గూర్చి వ్రాసినారు, నటులను గూర్చి వ్రాసినారు, హరిదాసుల గజ్జెలను గూర్చి సైతము వ్రాసినారు. బొమ్మ వేసినవానికి దక్కినది పుట క్రింద మూలనున్న రెండక్షరముల చోటు మాత్రమే. ఆ చోటును క్రొత్తవాడు ఎట్లు సంపాదించుకొనవలెను, అందుకై తన్ను గూర్చి తాను చెప్పుకొనవచ్చునా, చెప్పుకొన్నచో ఎంతవరకు చెప్పుకొనవచ్చును అను ప్రశ్నలు మాకును ఇంతకుముందు తోచినవి కావు. వేప్పనపల్లి నుండి వచ్చిన ఒక యువకుడు వానిని మా ముందు పెట్టినాడు.

అతడు ఈ సంచికకు ముఖచిత్రము వేయగోరి తన బొమ్మల కట్టను తెచ్చి మా బల్లమీద విప్పెను. నలువది కాగితములకు తక్కువలేవు. మొదటి ఇరువదియు బాపు బొమ్మలే. అనగా బాపు వేసినవి కావు. ఆ వాలుకన్నులను, ఆ పొడవాటి జడను, ఆ నడుము విరుపును ఈ యువకుడు దించినవి. తరువాతి పదియు వ.పా. వలె వేసిన రంగుల దేవతలు. అన్నింటి క్రిందను ఇంగ్లీషు లిపిలో తన పేరు, దానిచుట్టు ఒక సున్న. చేయి సాగినది, సందేహము లేదు. కాని ముప్పది బొమ్మలు చూచిన పిదపకూడ మాకు అతడెవరో తెలియలేదు.

కట్ట అడుగున, లెక్కల నోటుపుస్తకపు వెనుక పుటలమీద, పెన్సిలుతో వేసిన ఏడెనిమిది బొమ్మలున్నవి. కాళ్లు బారజాపుకొని చింతపండులో గింజలు తీయుచున్న ముసలామె. మామిడితోపులో వడిసెల ఒడిలో పెట్టుకొని కునుకుచున్న కావలివాడు. కుప్పము పోవు బస్సు కొరకు కోడిపుంజును చంకనిడుకొని నిలుచున్న ఒక పెద్దమనిషి. అతనికన్న కోడియే ఎక్కువ విసుగుతో నున్నది. వీనిక్రింద పేరు లేదు. "అవి ఊరికే వేసినవి సార్" అని అతడు వానిని లోనికి నెట్టబోయెను. మేము ఆ కాగితములను పట్టుకొంటిమి.

పేరు పెట్టదగిన బొమ్మలకు పేరు లేదు, పెట్టరాని బొమ్మలకు పేరున్నది. ఇది ఆ ఒక్కని పొరపాటు కాదు. మనము వానికి చూపిన మార్గమే అట్టిది. కావున అతని మార్గదర్శకులను మొదట పరిశీలింపవలెను.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురమున పుట్టి, న్యాయశాస్త్రము చదివియు నల్లకోటు తొడుగక కుంచెనే నమ్ముకొని, 2014 ఆగస్టు 31న మదరాసులో కన్నుమూసిరి. ఆంధ్రపత్రికలో బొమ్మలు వేసిరి, ప్రకటనల సంస్థలలో పనిచేసిరి, 1967లో సాక్షితో మొదలుపెట్టి సినిమాలు తీసిరి. ఇదంతయు అందరెరిగిన చరిత్రయే. మేము అడుగునది వేరొకటి. ఆ గీత అట్లేల యుండెను?

నాటి వారపత్రికలు ముతక న్యూస్‌ప్రింటుపై అచ్చగుచుండెను. నీడలును మసక అంచులును గల బొమ్మను హాఫ్‌టోన్ బ్లాకు చేయించి ఆ కాగితముపై అచ్చొత్తినచో సిరా అలుముకొని నాయిక ముఖము మాడిన రొట్టె యగును. నల్లని గీతలతో వేసిన బొమ్మకు లైను బ్లాకు చాలును. ఖర్చు తక్కువ, అచ్చు స్వచ్ఛము. కావున పత్రికలకు గీత కావలసి వచ్చెను. ఈ ఇరుకు అందరికిని సమానమే. ఆ ఇరుకులో ఇతరులు పుటను గీతలతో నింపగా, బాపు గీతలను తీసివేయుచు పోయిరి. గదిని గీయవలసినచోట వాలుకుర్చీ ఒకటి గీసి ఊరకుండిరి. మెడ వంపును ఒక్క గీతతో దింపి, భుజమును చూచువాని కంటికే వదలిరి. ఆయన బొమ్మలో సగము పని తెల్లకాగితము చేయును. కథల శీర్షికలను కూడ తన చేతనే వ్రాసిరి. ఆ వ్రాత తరువాత కంప్యూటరు అక్షరములుగా మారి నేడు పెండ్లిపత్రికలన్నింటిమీదను ఊరేగుచున్నది. 'బాపు బొమ్మ' అనునది నుడికారమై పోయినది. అందగత్తెను చూచి ఆ మాట అనువారిలో ఆయన బొమ్మను ఎన్నడును చూడనివారు ఎందరో.

బాపు తన్ను గూర్చి తాను చెప్పుకొనలేదని మెచ్చుకొనువారున్నారు. మాకు ఆ మెప్పు సగమే నిజమని తోచును. సభలలో ఆయన మితభాషియే. కాని నాలుగు గదుల పొడవున్న పేరును విడిచి రెండక్షరముల పేరును నిలుపుకొనుట, దానిని ప్రతి బొమ్మక్రింద ఒకే వంపుతో వ్రాయుట, ఇది నోరు విప్పని ప్రకటన కాక మరేమి? సబ్బును టీపొడిని అమ్మిపెట్టు సంస్థలలో పనిచేసినవారికి గుర్తు యొక్క విలువ తెలియకుండునా? తెలిసియే చేసిరి, చక్కగా చేసిరి. అందు తప్పేమియు లేదు.

వడ్డాది పాపయ్య (1921–1992) దారి మరియొకటి. ఈయన రంగుల మనిషి. చందమామ ముఖచిత్రములను, యువ పుటలను చూచిన తరమువారికి ఆ నీటిరంగుల తళుకు కన్నులు మూసికొన్నను కనబడును. పురాణస్త్రీని వేసినను పల్లె పడుచుయొక్క కట్టుబొట్టు ఆమెను విడువదు. శ్రీకాకుళమున పుట్టిన ఈ చిత్రకారుడు సభలకు, సన్మానములకు దూరముగా మెలగెను. తన పేరును సైతము కుదించి 'వ.పా.' అని ఒక చుక్కతో సరిపుచ్చెను. ఆయన నిరాడంబరతను ఆదర్శముగా చెప్పి, "చూడుము, ఆయన ఎవరి గడప తొక్కెను?" అని క్రొత్తవారిని మందలించుట మన పెద్దలకు అలవాటు.

ఇచ్చట మేము విభేదింపవలసి యున్నది. వ.పా. ఎవరి గడపయు తొక్కనక్కరలేకపోయెను. ఏలన ఆయన ఇంటనుండగా చందమామయే ఊరూర తిరిగెను. పత్రిక నెలనెల రైలెక్కి, పోస్టుమాను సంచిలో కూర్చుండి, ఆయన రెండక్షరములను గడపగడపకు చేర్చెను. బాపు పక్షమున ఆంధ్రపత్రిక వారవారము అదే పని చేసెను. తన్ను గూర్చి తాను చెప్పుకొను భారము పెద్దలకు లేకుండెనని కాదు, ఆ భారమును పత్రికలు మోసినవి. 1991లో ఆంధ్రపత్రిక ఆగినది. 1947 జూలైలో మొదలైన చందమామ అచ్చు 2010 దాటిన తరువాత నిలిచిపోయినది. మోసెడి బండ్లు పోయిన పిదప నడచి వచ్చినవానిని చూచి, "ఇంత దూరము నడచుట గర్వము" అనుట న్యాయమా?

నిరాడంబరత ఎవరికి లాభించినదో కూడ చూడవలెను. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు చందమామయు తమిళ అంబులిమామయు ఒకే ఇంట కనబడుచుండెడివి. అన్న ఒకటి, తమ్ముడొకటి చదివెడివారు. మాటలు వేరు, బొమ్మలు ఒకటే. కత్తి దూసి, శవమును భుజమున వేసికొని శ్మశానములో నడచు విక్రమార్కుని బొమ్మను మరచినవారెవరు? దానిని వేసినవారు శంకర్, కె.సి. శివశంకరన్. 1924లో తమిళసీమలో జన్మించి, 1952లో చందమామలో చేరి, సుమారు అరువది యేండ్లు అందే బొమ్మలు వేసిరి. 2020 సెప్టెంబరు 29న మరణించిరి. పద్మశ్రీ 2021లో, మరణానంతరము, వచ్చినది. విక్రమార్కుడు అందరికి తెలియును. శంకర్ ఎందరికి తెలియును? బాల్యమంతయు ఆయన బొమ్మలతో గడిపిన మాబోటి వారికే ఆ పేరు చాల ఆలస్యముగా తెలిసినది. ఆయన వినయమును పొగడుటకు ముందు మన అశ్రద్ధకు సిగ్గుపడుట మంచిది.

గుర్తునకును గీతకును గల సంబంధమును గూర్చి పడమటి దేశమున ఒక పాత కథ కలదు. జర్మనీదేశపు డ్యూరర్ తన కొయ్యచెక్క చిత్రములపై తన పేరులోని మొదటి అక్షరములు రెండింటిని ఒకదానిలో నొకటి కూర్చి ముద్రగా వేసికొనెడివాడు. ఇటలీలో మార్కాంటోనియో అనువాడు ఆ బొమ్మలను ముద్రతో సహా దించి అమ్మెను. డ్యూరర్ వెనిసు ప్రభుత్వమునకు ఫిర్యాదు చేయగా, బొమ్మలను దించుకొనవచ్చును గాని ముద్రను వేయరాదని తీర్పు వచ్చినదట. ఈ కథను చెప్పినవాడు వసారీ. తీర్పు మనకు విడ్డూరముగా తోచును. మా యువకుని కట్టకు దీనిని అన్వయించి చూడుడు: అతడు బాపు గీతను పూర్తిగా దించి, ముద్రను మాత్రము తనది వేసికొనెను. వెనిసు తీర్పు ప్రకారము నిర్దోషి. కాని కళలో దోషము అక్కడనే యున్నది. బాపు గీత బాపునకు న్యూస్‌ప్రింటు నేర్పినది. మెరుగు కాగితమునకు, పలుగాజుపై వ్రేలితో వేయు రంగులకు ఆ లోభము అవసరము లేదు. అవసరము పోయిన పిదప మిగిలినది ఒయ్యారము మాత్రమే. బాపు తరువాత వచ్చినవారిలో మోహన్, చంద్ర వంటివారు నిలుచుటకు కారణము ఆ ఒయ్యారమునుండి బయటపడి తమ చేతి కరకుదనమును దాచుకొనకుండుటయే యని మా అభిప్రాయము.

జపానుదేశపు హొకుసాయి (1760–1849) దీనికి సరిగా ఎదురు. ఆయన ముప్పదిసార్లకు పైగా పేరు మార్చుకొనెను. పాత పేర్లను శిష్యులకు ఇచ్చివేసెను. పేరు మారినను చేయి పట్టుబడుచునే యుండెను. ఆయన సిగ్గరి కాడు సుమా! 1817లో నగోయా నగరమున, జనులు చూచుచుండగా, ఇంటిని కప్పగలంత కాగితముపై బోధిధర్ముని బొమ్మను చీపురంత కుంచెతో వేసెను. ముందుగా కరపత్రములు పంచిరి. ఆ సందడి వెనుక ఆయన బొమ్మల పుస్తకములను అచ్చువేయువారి వ్యాపారము కలదు. అంతటివాడే నడివీధిలో కాగితము పరచినప్పుడు వేప్పనపల్లి పిల్లవాడు చేతిఫోనులో బొమ్మ చూపుటను తప్పుపట్టనేల? అయితే హొకుసాయి ఆనాటికి నలువదియేండ్లుగా బొమ్మలు వేయుచున్నవాడు. నేడు వారమున కొక బొమ్మ వేసి దానిని ఏడు విధముల చూపువారు అధికము. కుంచె పట్టు ప్రొద్దునకన్న చూపుకొను ప్రొద్దు ఎక్కువైనచో చేయి మొండికెత్తును. ఈ మాటను మేము ఆ యువకునితో అంటిమి. అతడు నవ్వి ఊరకుండెను.

చూపుటకు తగిన చోట్లు ఇచ్చట లేకపోలేదు. కృష్ణగిరి మామిడిగుజ్జు డబ్బాలకు చీటీలు కావలెను. జాతరకు గోడపత్రికలు కావలెను. బడిగోడలకు బొమ్మలు కావలెను. హోసూరు కర్మాగారములు ఏటేట పంచాంగములు అచ్చువేయించును. వీనిలో నొకదానిపై నోటుపుస్తకములోని ఆ కోడిపుంజు మనిషి కనబడినచో, ఈ సీమవాడెవడైనను ఆగి చూడకుండునా? వాలుకన్నుల సుందరి వేయిమంది వద్ద దొరకును. చింతపండు ముసలామె అతనియొద్దనే యున్నది. తన్ను చాటుకొనుటలో మొదటి పని దానిని కట్ట అడుగునుండి పైకి తీయుట.

చట్టమును గూర్చియు ఒక మాట. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, పత్రికలో ఉద్యోగిగా వేసిన బొమ్మను పత్రికలో ప్రచురించుకొను హక్కు యజమానిది. వేరు ఒప్పందము లేనిచో తక్కిన హక్కులు చిత్రకారునివే. డబ్బిచ్చి ప్రత్యేకముగా వేయించుకొన్న వర్ణచిత్రము మాత్రము, ఒప్పందము లేనిచో, వేయించుకొన్నవానిదే యగును. కావున పని ఒప్పుకొనుటకు ముందే నాలుగు పంక్తుల కాగితము వ్రాసికొనుట మేలు. హక్కులన్నియు అమ్ముకొన్నను "ఇది నేను వేసినది" అని చెప్పుకొను హక్కు చిత్రకారుని విడిచిపోదని ఆ చట్టమే, 57వ విభాగమున, చెప్పుచున్నది. మనము గర్వమందుమే, దానికి చట్టము హక్కని పేరు పెట్టినది.

ఇక మా తప్పులను చెప్పుకొనవలెను. మేము ఇంతవరకు చేతిమీదుగా నడిపిన సంచికలను బయటికి తీసి చూచుకొంటిమి. వ్యాసకర్తల పేర్లున్నవి, చందాదారుల పేర్లున్నవి; కాఫీలు పంపినవారికి సైతము కృతజ్ఞతలున్నవి. ముఖచిత్రము ఎవరిదో ఒక్కదానిలోను లేదు. ఒక ఏడు ఒక బాలిక వేసిన ముగ్గు బొమ్మను అట్టమీద అచ్చువేసి, బ్లాకు సరిపడలేదని క్రిందనున్న ఆమె పేరును కత్తిరించితిమి. ఆమె నేడు బొమ్మలు వేయుచున్నదో లేదో మేము విచారింపలేదు. "మన పిల్లే గదా, ఊరికే వేసిపెట్టును" అనుట మన కుటుంబములలో ప్రేమతో పలుకు మాట. వడ్రంగి మనవాడైనను కూలి యిత్తుము. బొమ్మ వేయువాని విషయమున మాత్రము బంధుత్వము కూలిని మ్రింగివేయును. పైగా "బాపు మాదిరి వేయుము" అని అడిగెడివారమును మనమే. అడిగినట్లే వేసిన పిల్లవానిని, స్వంత గీత లేదని నిందించువారమును మనమే.

ఈ నింద మా నోటివరకు వచ్చినది. కాని అప్పుడొక సంగతి బయటపడెను. పేరును ఇంగ్లీషులో ఏల వ్రాసితివని మేమడుగగా అతడు, "నాకు తెలుగు బడిలో లేదు సార్. ఈ అక్షరాలన్నీ బాపు బొమ్మల పైన చూసి, బొమ్మ మాదిరి వేసి వేసి నేర్చుకొంటిని" అనెను.

తమిళనాట 2006 నాటి చట్టముతో తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా నిర్బంధమైనది. తమిళము నేర్చుటలో దోషము లేదు. ఈ నేలపై బ్రతుకువారికి అది కావలసినదే. కాని ఇంట తెలుగు మాటలాడుచు తెలుగక్షరము చదువలేని పిల్లలు వేప్పనపల్లి చుట్టుపట్ల ఎందరు పెరుగుచున్నారో మనకు తెలియును. ఈ యువకుడు వారిలో ఒకడు. ఓనమాలు దిద్దించిన పంతులు లేడు. కథల తలమీద బాపు వ్రాసిన శీర్షికలను చూచి, అర్థము తెలియక మునుపే, 'క' వంపును, 'ఱ' పొట్టను బొమ్మలుగా దించుకొనెను. ఆపై నాయనమ్మచేత పలికించుకొని వానిని కూడబలుక్కొని చదువ నేర్చెను. మేము అనుకరణ యని త్రోసివేసిన ఆ ఇరువది కాగితములు అతని పలక!

అనుకరణను గూర్చి పైన వ్రాసినదానిని ఇందువలన తీసివేయబోము. పలకమీద దిద్దిన అక్షరములను అచ్చునకు పంపరాదు. ఆ ఇరువదింటిపై అతడు పేరు వేసికొనుట సరికాదనియే ఇప్పటికిని మా నిశ్చయము. కాని బాపు చేయి ఒక సరిహద్దు పల్లెలో బడిపంతులు పనికూడ చేసినదన్న సంగతి ఏ సన్మానపత్రములోను మేము చదివి యుండలేదు. తన బొమ్మలు ఆపని చేయునని ఆయనయు అనుకొని యుండరు.

ఈ సంచిక ముఖచిత్రమునకు చింతపండు ముసలామెనే కోరితిమి. అతడు వెల చెప్పుటకు సంకోచించెను. మేము మరల మరల అడిగినమీదట చెప్పెను. కోశాధికారి ముఖము కొంచెము ముడుచుకొనెను గాని పైకము చెల్లినది. పిమ్మట అతడు, "పేరు యాడ రాయాల సార్?" అని అడిగెను. బొమ్మ కుడిమూలను చూపితిమి. ఏ లిపిలో వ్రాయవలెనో మేము చెప్పలేదు. తమిళులు, కన్నడిగులు, తెలుగువారు కలసి కొను సంతలో అతడు బ్రతుకవలసియున్నది. ఆ ఎన్నిక అతనిదే. కలము పట్టుకొని చాలసేపు కాగితమువైపు చూచెను. తరువాత తెలుగున వ్రాసెను. మూడవ అక్షరమునకు తలకట్టు కొంచెము ప్రక్కకు పడినది. దిద్దవలెనా యన్నట్లు మావైపు చూడగా, అక్కరలేదంటిమి. అట్టమీద అది అట్లే యున్నది.